వడ్లగింజకు ముల్లెందుకు?

ప్రకృతిలో ఏదీ ఊరికే ఉండదన్న మాటను మనవాళ్లు సామెతలా వాడేస్తున్నారు. బడిలో జీవశాస్త్రం మొదలయ్యేదే ఈ మాటతో. జిరాఫీకి పొడవాటి మెడ ఎందుకు? ఎత్తు కొమ్మల ఆకులు అందుకోవడానికి. బ్రహ్మజెముడుకు ముళ్లెందుకు? నీటిని ఆదా చేసుకోవడానికి. జవాబు రాస్తే మార్కులు పడతాయి. ఆ అలవాటు అక్కడితో ఆగదు. వ్యవసాయ విశ్వవిద్యాలయంలోకీ, టీవీలో వచ్చే అడవి జంతువుల కార్యక్రమాల్లోకీ, పత్రికల సైన్స్ పేజీల్లోకీ వెంటబడి వస్తుంది. జీవి ఒంటి మీద కనిపించే ప్రతి ఆకారమూ ఏదో ఒక పని కోసమే పుట్టిందనీ, ఆ పనేమిటో చెప్పేస్తే ఆకారం సంగతి తేలిపోయినట్లేననీ చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. ఈ నమ్మకం పునాదిలోనే తప్పు. రూపానికి తనదైన చరిత్ర ఉంది, తనదైన పెరుగుదల నియమాలున్నాయి. పని చాలాసార్లు తర్వాత వచ్చి చేరుతుంది. కొన్నిసార్లు అసలు రానే రాదు. ఇది నిరూపించడానికి పారిస్, లండన్ మ్యూజియాల దాకా పోనక్కర్లేదు. కొరాపుట్, రాయగడ కొండల్లో పండే వడ్లగింజ చాలు.

ఈ ప్రాంతాన్నే సాక్ష్యానికి పిలవడానికి కారణముంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉన్న జయపురం జమీందారీ. ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్స్ కళాశాలకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరుండటం ఆ బంధానికి గుర్తు. 1992లో పాత కొరాపుట్ జిల్లాను విడదీసి రాయగడను వేరు జిల్లా చేశారు. కటక్‌లో 1946లో మొదలైన కేంద్రీయ వరి పరిశోధన సంస్థకు తొలి డైరెక్టరైన కె. రామయ్య, ఆయన సహచరుడు ఘోష్ కలిసి జయపురం ప్రాంతాన్ని వరి వైవిధ్యానికి ఒక ప్రత్యేక కేంద్రంగా 1951లోనే గుర్తించారు. ఆ దశాబ్దం రెండో సగంలో ఆ సంస్థ జరిపిన జయపురం సర్వేలో 1,700 పైచిలుకు నాటు రకాలు పోగుపడ్డాయి. 2012లో కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయ వ్యవస్థల జాబితాలో చేర్చింది. జయపురం దగ్గరి పాత్రపుట్ గ్రామానికి చెందిన ఆదివాసీ రైతు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది నాటు విత్తనాలను కాపాడినందుకే. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి. ఈ కొండల మధ్య సాగు వరి, అడవి వరి పక్కపక్కనే బతుకుతున్నాయి. పొలంలో మనిషి ఎన్నుకున్న రూపమూ, గట్టు దాటితే గుంటలో ఎవరూ ఎన్నుకోని రూపమూ ఒకే చూపులో పోల్చుకోవచ్చు. రూపానికీ పనికీ ఉన్న సంబంధాన్ని పరీక్షించడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ముందు ఆ అడవి వరి గింజను చేతిలోకి తీసుకుందాం. శాస్త్రవేత్తలు ఎస్.డి. శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి దీనికి 1965లో ఒరైజా నివారా అని పేరు పెట్టారు. మన నివ్వరి ధాన్యమే అది. గింజ పై పొట్టు కొన సాగిపోయి పొడవాటి ముల్లుగా నిలుస్తుంది. సంస్కృతంలో శూకం అంటారు. గుళ్లో రోజూ వినబడే మంత్రపుష్పంలో సన్నదనానికి ఉపమానం ఈ నీవార శూకమే. వేలితో కొన నుంచి మొదలు వైపు రాస్తే గరుకుగా గీసుకుంటుంది, ఎదురు దిక్కున రాస్తే నున్నగా జారుతుంది. దాని ఒంటినిండా కొన వైపుకు తిరిగిన కంటికానని ముళ్లున్నాయి. దీని పనేమిటని అడిగితే జవాబులు వరసగా వస్తాయి. జంతువు వెంట్రుకలకు పట్టుకుని గింజ దూరం పోవడానికి అంటారు, నేలలో దిగబడటానికి అంటారు, పిట్టలు ముట్టకుండా ఉండటానికి అంటారు. అడవి వరి విషయంలో ఇవి సబబైన జవాబులే. ఇప్పుడు గోధుమ, బార్లీ కంకులు చూడండి. వాటికీ ఇలాంటి ముల్లే ఉంది, అదే చోట ఉంది. కానీ వాటి ముల్లులో పత్రహరితం ఉంది, అది ఎండను పట్టి గింజకు ఆహారం తయారుచేసి పంపుతుంది. వరి ముల్లులో ఆ కణజాలమే లేదు, కాబట్టి ఆహారం చేసే పనీ లేదు. ఒకే అవయవం ఒక గడ్డిజాతిలో వంటిల్లు, మరో గడ్డిజాతిలో ముల్లు మాత్రమే. పని రూపాన్ని పుట్టించి ఉంటే, రెండు వేర్వేరు పనులు రెండు వేర్వేరు రూపాలను పుట్టించాలి. అలా జరగలేదు. పొట్టు కొన సాగే తీరు గడ్డిజాతులకు పూర్వం నుంచీ ఉన్న సొత్తు. ఏ జాతికాజాతి దానికి దొరికిన పని అప్పగించింది.

ఆ ముల్లు ఎలా పోయిందో చూస్తే వాదం ఇంకా బలపడుతుంది. సాగు వరిలో ఎక్కువ రకాలకు ముల్లు లేదు, ఉన్నా పొట్టిది. మనిషికి నూర్చేటప్పుడు గుచ్చుకుంటుంది కాబట్టి ముల్లు లేని గింజను ఎన్నుకున్నాడని తేలిగ్గా చెప్పేస్తారు. 2013లో చైనా శాస్త్రవేత్తలు ఏఎన్-1 అనే జన్యువును పట్టుకున్నారు. అది చురుగ్గా ఉంటే ముల్లు పొడుగవుతుంది, వెన్నుకు గింజల సంఖ్య తగ్గుతుంది. అది మందగిస్తే ముల్లు కురచవుతుంది, గింజలు పెరుగుతాయి. అంటే ముల్లూ గింజల లెక్కా ఒకే తాటికి కట్టి ఉన్నాయి. పాతకాలపు రైతు ముల్లు వద్దనుకున్నాడా, గింజలు ఎక్కువ కావాలనుకున్నాడా? గింజల కోసమే ఎన్నుకుని ఉంటే ముల్లు పోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు, అది వెంట పోయింది. ఒక భాగాన్ని కదిపితే ఇంకో భాగం దానంతటది కదులుతుందని డార్విన్ స్వయంగా గుర్తించి, పెరుగుదలలోని ఈ ముడికి తన పుస్తకంలో చోటిచ్చాడు. ఆ ముడిని లెక్కలోకి తీసుకోకుండా ప్రతి అవయవానికీ విడివిడిగా ఒక కథ అల్లడం శాస్త్రం కాదు. ముల్లు మిగిలిన నాటు రకాల్లో ఇప్పుడు మరో పని కనిపిస్తుంది. అడవి అంచున ఉన్న పొలాల్లో పందులూ పిట్టలూ వాటి జోలికి తక్కువగా వస్తాయని రైతులు చెబుతారు. అది నిజమైన ప్రయోజనమే. కానీ ఆ ప్రయోజనం కోసం ముల్లు పుట్టలేదు. పుట్టి ఉన్న ముల్లుకు ఆ ప్రయోజనం దొరికింది.

నూర్పిడి సంగతి కూడా ఇలాంటిదే, నా దృష్టిలో ఇంకా గట్టి సాక్ష్యం. అడవి వరి గింజ పండగానే రాలిపోతుంది. గింజ కాడకు అతుక్కునే చోట ఒక పలచని కణాల పొర ఏర్పడి, పండే వేళకు తెగిపోతుంది. గింజ నేలకు చేరాలి, వంశం సాగాలి. ఈ పొర పని అదే, సందేహం లేదు. సాగు వరిలో ఎస్‌హెచ్4 అనే జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల గింజ రాలడం బాగా తగ్గిందని 2006లో తేలింది. అయితే ఆ పొర మాయమైపోలేదు. సగం సగంగా, అసంపూర్తిగా ఏర్పడుతుంది. అలా మిగిలినందువల్లే గింజ గాలికి రాలదు, కానీ కళ్లంలో కొడితే ఊడి వస్తుంది. పొర పూర్తిగా ఉంటే పంట నేలపాలు, పూర్తిగా పోతే నూర్పిడి నరకం. ప్రతి ఏటా మన కళ్లాల్లో గింజ ఊడేది, ఒకప్పుడు గింజను మనిషికి దక్కకుండా చేసిన అవయవపు శేషం వల్లే. ఒక రూపం తన పాత పనిని కోల్పోయి, అసంపూర్తిగా మిగిలి, ఆ అసంపూర్ణత వల్లే కొత్త పనికి పనికొచ్చింది. ఇలాంటి వాటిని గుర్తించి 1982లో స్టీఫెన్ జే గూల్డ్, ఎలిజబెత్ వ్ర్బా ఎక్సాప్టేషన్ అని పేరు పెట్టారు. ఒక అవయవం ఇప్పుడు ఏం చేస్తోంది అన్న ప్రశ్నా, అది ఎలా పుట్టింది అన్న ప్రశ్నా వేర్వేరు అని వాళ్లు తేల్చి చెప్పారు. మన పాఠాలు ఈ రెంటినీ ఇప్పటికీ కలగాపులగం చేస్తున్నాయి.

ఈ గొడవ నిన్న మొన్నటిది కాదు. 1830 ఫిబ్రవరిలో పారిస్ సైన్స్ అకాడమీలో కువియే, జెఫ్రాయ్ సెంటిలేర్ అనే ఇద్దరు దిగ్గజాలు బహిరంగంగా తలపడ్డారు. జీవి బతకడానికి కావలసిన పనులే దాని నిర్మాణాన్ని శాసిస్తాయని కువియే వాదన. పళ్లను చూసి పేగులు చెప్పగలనన్నంత ధీమా ఆయనది. పనులు మారినా జంతువులన్నిటి వెనకా నిర్మాణంలో ఒకే నమూనా ఉందని, నమూనా ముందు, పని తర్వాత అని జెఫ్రాయ్ వాదన. జంతువులన్నిటికీ ఒకే నమూనా అంటగట్టడంలో జెఫ్రాయ్ హద్దు మీరాడు, ఆనాటి సభలో కువియేదే పైచేయి అయింది. అయినా ఆ ప్రశ్న చావలేదు. 1859లో డార్విన్ నమూనా ఒకటిగా ఉండటానికి పూర్వీకులు ఒకరే కావడం కారణమని చెప్పి రెండు పక్షాలకూ ఒక నేల చూపించాడు. మన పదో తరగతి పుస్తకంలో నిర్మాణసామ్య అవయవాలు, క్రియాసామ్య అవయవాలు అని పక్కపక్కనే ఉన్న రెండు మాటలు ఆ పాత పోరాటపు వారసత్వమే. మనిషి చెయ్యి, తిమింగలం తెడ్డు, గబ్బిలం రెక్క ఒకే ఎముకల వరస అని పిల్లలు బట్టీపడతారు. పట్టుకోవడానికీ, ఈదడానికీ, ఎగరడానికీ ఒకే ఎముకల వరస అవసరమా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. అడిగితే మొదటి పేజీలోని "ప్రతిదానికీ ఒక ప్రయోజనం" అన్న పాఠం నిలబడదు.

ఇక్కడ చదువుకున్న ప్రత్యర్థి ఒక గట్టి ఆక్షేపణ తెస్తాడు. నమూనా నియమం, బతుకు అవసరాల నియమం అన్న రెంటిలో రెండోదే పెద్దదని డార్విన్ అన్నాడు కదా, ఈనాడు పనిలేనట్లు కనిపించే రూపం కూడా ఒకనాడు పూర్వీకులకు పనికొచ్చిందే కదా, కాబట్టి చివరికి గెలిచేది ప్రయోజనమే కదా అంటాడు. ఈ ఆక్షేపణకు జవాబు డార్విన్ పుస్తకంలోనే ఉంది. పుట్టే శిశువు పుర్రెలో ఎముకల మధ్య అతుకులుంటాయి. ప్రసవం సులువు కావడానికే అవి ఏర్పడ్డాయని చెప్పడం తేలిక, ప్రసవంలో అవి సాయపడతాయి కూడా. కానీ గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చే పక్షి పిల్లకూ, పాము పిల్లకూ అవే అతుకులున్నాయి. ప్రసవమే లేనివాళ్లకు ప్రసవ సౌకర్యం ఎందుకు? ఆ అతుకులు పెరుగుదల నియమాల వల్ల వచ్చాయి, తర్వాత పాలిచ్చే జంతువులకు అక్కరకొచ్చాయి అని డార్విన్ రాశాడు. పూర్వీకుల దగ్గర ఒక రూపం ఉందంటే అది వాళ్లకు పనికొచ్చిందని రుజువైనట్లు కాదు. ఆ రుజువు విడిగా తేవాలి. తేకుండా ఒక తరం వెనక్కి, మరో తరం వెనక్కి నెట్టుకుంటూ పోవడం అప్పును వాయిదా వేయడమే అవుతుంది.

పెరుగుదల నియమాలు అన్న మాట గాలిలో మేడ కాదని చూపడానికి ఈ కొండల పూవే ఒకటుంది. వర్షాలు వెనకబట్టాక కొరాపుట్ మెట్ట చేలు పసుపు పచ్చగా పూస్తాయి. ఒడియాలో అలసి అంటారు, అరకు వైపు మనం వలిసెలు అంటాం. నూనెగింజ పంట. వలిసె పువ్వు అంచున ఉండే పసుపు రేకులు సాధారణంగా ఎనిమిది. పసుపు రంగుకు పని ఉంది. ఈ మొక్క తన పుప్పొడితో తాను కాయలేదు, తేనెటీగ రావాలి, రంగు దాన్ని పిలుస్తుంది. ఇది ప్రకృతి వరణం చేసిన పనేనని ఒప్పుకోవడానికి నాకే అభ్యంతరమూ లేదు. మరి ఎనిమిదెందుకు? ఏడైతే తేనెటీగ అలుగుతుందా? మొగ్గ దశలో ఒకదాని తర్వాత ఒకటి మొలిచే చిన్న మొలకలు ముందు మొలిచిన వాటికి దూరంగా చోటు వెతుక్కుంటాయి. ఆ సర్దుబాటులో 5, 8, 13 లాంటి సంఖ్యలు వాటంతటవే తేలతాయి. 1992లో డువాడీ, కూడే అనే ఇద్దరు ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్తలు అయస్కాంత క్షేత్రంలో ఒకదాన్నొకటి నెట్టుకునే అయస్కాంత ద్రవపు చుక్కలను వరసగా వదిలితే అవీ మొక్కల్లో కనిపించే చుట్లలోనే సర్దుకున్నాయి. ద్రవపు చుక్కకు ప్రాణం లేదు, వంశం లేదు, ప్రకృతి వరణం లేదు. రూపం మాత్రం వచ్చింది. పువ్వు రంగుకు ఒక కారణం, రేకుల లెక్కకు ఇంకో కారణం. ఒకే పువ్వులో రెండూ ఉన్నాయి.

ఈ విషయంలో హాల్డేన్ పేరు తలచుకోవడం న్యాయం. ప్రకృతి వరణానికి గణితం సమకూర్చిన ముగ్గురు నలుగురిలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, చివరి రెండేళ్లూ భువనేశ్వర్‌లో పనిచేసి, 1964 డిసెంబర్ 1న అక్కడే కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. వరణం గురించి అంత లెక్క తెలిసిన ఆ మనిషి ఇక్కడి సహచరుల చేత ఏం చేయించారు? రూపాలను ఓపిగ్గా లెక్కపెట్టించారు. ఎస్.కె. రాయ్ పారిజాతం పూల రేకుల సంఖ్య ఎలా మారుతుందో లెక్కించారు. టి.ఎ. డేవిస్ కొబ్బరి చెట్లను లెక్కించారు. కొబ్బరి మట్టలు కొన్ని చెట్లకు ఎడమ చుట్టుగా, కొన్నిటికి కుడి చుట్టుగా అమరుతాయి. సుమారు సగం సగం. తల్లి చెట్టు ఎటు చుట్టినా పిల్లల్లో మళ్లీ సగం సగమే. ఎడమ చుట్టు చెట్లు కాస్త ఎక్కువ కాస్తాయని కూడా డేవిస్ రాశారు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒక రూపానికి ప్రయోజనం ఉందనే అనుకుందాం. అయినా ఆ రూపం తల్లి నుంచి పిల్లకు దిగదు కాబట్టి ప్రకృతి వరణం దాన్ని పట్టుకోలేదు, పెంచలేదు, నిలపలేదు. ప్రయోజనం ఉండటమే రూపానికి కారణం కాదనడానికి కోనసీమ తోటల్లో రోజూ కనిపించే రుజువు ఇది.

రెండో ఆక్షేపణ ఖర్చుకు సంబంధించింది. పనికిరాని అవయవాన్ని మోయడం జీవికి భారం, ఆ భారాన్ని వరణం తప్పకుండా దించేస్తుంది, కాబట్టి మిగిలినవన్నీ పనికొచ్చేవే అంటారు. వరణానికి ఇంత శక్తి ఎక్కడిది? 1957లో హాల్డేనే దీని మీద లెక్క వేశారు. ఒక జన్యువు స్థానంలో మరొకటి పూర్తిగా స్థిరపడాలంటే దానికి చావుల రూపంలో మూల్యం చెల్లించాలి. అందువల్ల సగటున 300 తరాలకు ఒకటి చొప్పున మాత్రమే అలాంటి మార్పులు సాగుతాయని ఆయన అంచనా. ఆ లెక్కలోని ఊహల మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. కానీ వరణం ఒకేసారి అన్ని అవయవాలనూ సానబట్టలేదు అన్న మూల సంగతిని ఎవరూ తోసిపుచ్చలేదు. స్వల్ప భారాలు దాని కంట పడవు. పొలం దాకా వస్తే ఇంకో కారణం ఉంది. ఒక కుటుంబం వచ్చే ఏటికి దాచుకునేది గాదెలో ఒక బుట్టెడు విత్తనం. వరి చాలావరకు తన పుప్పొడితో తానే కాస్తుంది. ఆ బుట్టలో ఏ రంగు పొట్టు పడిందో, ఏ రకం కాడ పడిందో అదే తరతరాలకూ ఆ ఊరి రకం అవుతుంది. ఇందులో ఎన్నిక ఎంత ఉందో, యాదృచ్ఛికం అంత ఉంది. ఊరూరికీ రకాలు మారడం చూసి ప్రతి రకమూ ఆ ఊరి నేలకు కొలిచి కుట్టినదే అనుకోవడం అందమైన ఊహ. సాక్ష్యం లేకుండా దాన్ని నిజమని చెప్పకూడదు.

కొరాపుట్ కాలాజీరా బియ్యాన్నే తీసుకోండి. 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు పొందిన సన్నగింజ, సువాసన బియ్యం ఇది. వడ్ల పొట్టు నల్లగా, చూడటానికి జీలకర్రలా ఉంటుంది, పేరు అందుకే వచ్చింది. తినేవాడికి ఆ నలుపుతో పనిలేదు, దంచగానే పోతుంది. అడవి వరికీ నల్ల పొట్టే. అక్కడ బురదలో రాలిన గింజ పిట్ట కంటపడకుండా నలుపు సాయపడిందని చెప్పుకోవచ్చు. కోసి గాదెకెత్తే పంటలో ఆ పని లేదు. సువాసన సంగతి ఇంకా చిత్రం. బాస్మతితో సహా ఎక్కువ సువాసన వరుల్లో ఆ పరిమళం ఒక జన్యువు చెడిపోవడం వల్ల వచ్చిందని 2005లో తేలింది. ఒక ఎంజైము పనిచేయడం మానేస్తే వాసన పదార్థం పోగుపడుతుంది. మొక్కకు ఇది పని కాదు, పని తప్పడం. మనిషి ముక్కుకు అది నచ్చింది, అంతే. ఎర్ర బియ్యం తెల్లబడటమూ అలాంటిదే, అక్కడా ఒక జన్యువు తెగింది. మన పళ్లెంలో మనం మెచ్చుకునే వాటిలో చాలా భాగం మొక్క దృష్టిలో లోపాలు.

మూడో ఆక్షేపణ అన్నిటికన్నా తరచుగా వినబడేది. ప్రయోజనం ఉండే ఉంటుంది, మనకింకా తెలియలేదు, అంతే అంటారు. వినడానికి వినయంగా ఉంటుంది. కానీ ఏ సాక్ష్యమూ దీన్ని ఓడించలేదు. ముల్లుకు ఒక పని చెప్పి అది తప్పని తేలితే ఇంకోటి చెబుతారు, అదీ తప్పితే తెలియదంటారు, ప్రయోజనం లేకపోవచ్చు అన్న నిర్ణయానికి మాత్రం ఎన్నటికీ రారు. 1979లో గూల్డ్, లెవాంటిన్ ఈ అలవాటునే తూర్పారబట్టారు. ఓడిపోవడానికి అవకాశమే లేని వాదం గెలిచినట్లు కాదు.

ఇంత చెప్పాక ఒకటి స్పష్టం చేయాలి. అనుకూలనం అబద్ధమని నేననడం లేదు. అది ఉన్నచోట రుజువు చేయవచ్చు, రుజువు ఎలా ఉంటుందో కూడా ఒడిశా వడ్లే చూపించాయి. ఒడిశా నాటు రకం నుంచి వచ్చిన ఎఫ్ఆర్13ఎ రెండు వారాల దాకా ముంపును తట్టుకుంటుంది. అందులోని సబ్1ఎ జన్యువును 2006లో గుర్తించారు, మన మారుటేరులో పుట్టిన స్వర్ణలోకి ఆ జన్యు భాగాన్ని దింపితే స్వర్ణ కూడా ముంపును తట్టుకుంది. నీళ్లు కమ్మినప్పుడు మొక్క ఎదుగుదల ఆపేసి, శక్తి దాచుకుని, నీళ్లు తీశాక లేస్తుంది. ఇది ప్రయోజనం చూపించడం. అయితే 2009లో లోతునీటి వరిలో స్నార్కెల్ జన్యువులు బయటపడ్డాయి. అవి సబ్1ఎకి దగ్గరి చుట్టాలే. చేసేది మాత్రం దానికి పూర్తిగా విరుద్ధం. నీళ్లు పెరిగేకొద్దీ కాడను సరసరా సాగదీసి ఆకును పైకి తెస్తాయి. ముంపులో బతకాలన్న అవసరం రెండుచోట్లా ఒకటే. ఒకటి ఆగిపోయింది, ఒకటి పరుగెత్తింది. అవసరం మాత్రమే తెలిసినవాడు మొక్క రూపం ఏమవుతుందో ముందుగా చెప్పలేడు. అంతకుముందు దాని దగ్గర ఏ సరంజామా ఉందో కూడా తెలియాలి. అనుకూలనానికి ఇంత స్పష్టమైన ఉదాహరణలోనే చరిత్ర ఇంత పని చేస్తుంటే, మిగతాచోట్ల దాన్ని పక్కనబెట్టడం ఎలా కుదురుతుంది?

ఇది తత్వశాస్త్రం తరగతి గదిలో ముగిసే తగవు కాదు. నాటు విత్తనాన్ని మనం ఇప్పుడు పనుల జాబితాగా చూస్తున్నాం. కరవు తట్టుకుంటుందా, తెగులు తట్టుకుంటుందా, చక్కెర రోగులకు మంచిదా, వాసన ఉందా? ఒక గడిలోనూ టిక్కు పడని రకం ఎవరికీ అక్కర్లేనిదవుతుంది. 1950ల సర్వేలో జయపురం పొలాల నుంచి వచ్చిన 1,700 రకాల్లో ఇప్పుడు రైతుల చేతిలో మిగిలినవి కొన్ని వందలకు మించవు. అధిక దిగుబడి రకాలు, నీటి వసతి, మార్కెట్టు దీనికి పెద్ద కారణాలే. కానీ ప్రయోజనం తెలియనిది వృథా అన్న మన ఆలోచన ఆ నష్టాన్ని నష్టంగా కనబడనివ్వలేదు. ఒరైజా నివారాను మళ్లీ చూడండి. 1970లలో గ్రాసీ స్టంట్ వైరస్ ఆసియా వరిచేలను ఎండగట్టినప్పుడు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వేల నమూనాలను పరీక్షించింది. తట్టుకోగల జన్యువు దొరికింది ఒకే ఒక్క నమూనాలో, 1963లో ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివ్వరి గడ్డిలో. సేకరించిన రోజున ఆ గింజ పక్కన ఈ ప్రయోజనం ఎవరూ రాయలేదు, రాయడానికి ఎవరికీ తెలియదు. ఆ జన్యువే ఐఆర్36లోకి వెళ్లి లక్షల ఎకరాలను కాపాడింది.

అందుకే జీవశాస్త్ర పాఠాలు రాసేవారికీ, కొరాపుట్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ ఈ వడ్ల మీద పనిచేసే విద్యార్థులకూ ఒక విన్నపం. రూపాన్ని ముందు రూపంగా నమోదు చేయండి. ముల్లు పొడవు, పొట్టు రంగు, కాడ అతుకు, కంకి తీరు, వాటి పక్కన పెరుగుతున్న అడవి వరితో పోలిక, అన్నీ రాయండి. అది ఎలా పుట్టింది, దేని వెంట వచ్చింది అని అడగండి. పనేమిటన్న ప్రశ్న ఆ తర్వాత వేయండి, రుజువు దొరికితేనే జవాబు రాయండి. దొరకకపోతే ఆ గడిని ఖాళీగా ఉంచండి, విత్తనాన్ని మాత్రం పారేయకండి.